ఎడమకాలి కింద చెక్కముక్క

గడియారానికి జబ్బు చేసిందో లేదో జగన్మోహన్ చూసి చెప్పడు, విని చెబుతాడు. టిక్‌కీ టక్‌కీ మధ్య ఎంత ఎడం ఉందో, టక్‌కీ మళ్ళీ టిక్‌కీ మధ్య కూడా అంతే ఎడం ఉంటే ఆ గడియారం బతికి బట్టకడుతుంది. ఒక ఎడం పొడుగై రెండోది పొట్టిదైతే అది కుంటుతున్నట్టు. కుంటే గడియారం ఇవాళ కాకపోతే రేపు ఆగుతుంది. ఈ విషయంలో ఆయనతో వాదన పెట్టుకుని గెలిచినవాడు లేడు.

హెర్న్‌డన్‌లో ఆయన ఇంటి గరాజ్‌లో కారుకి చోటుండదు. పాత ఇంగ్లిష్ గడియారాలుంటాయి. మనిషి కంటే ఎత్తుగా, బీరువాలాంటి సన్నని చెక్కపెట్టెలో పొడుగాటి లోలకం, రెండు సీసపు దిమ్మలు వేలాడుతూ ఉండే రకం. అవి బాగుచేసి అమ్మడమే ఆయన పని. ఒకప్పుడు టెలికాం కంపెనీలో ఇంజనీరు. కంపెనీ కూలిననాడు చేతికో అట్టపెట్టె ఇచ్చి, సెక్యూరిటీవాణ్ణి వెంట పెట్టి, దొంగని సాగనంపినట్టు కారు దాకా సాగనంపారు. ఆ తర్వాత గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గర నిలబడ్డాడు, గోడౌన్‌లో పెట్టెలు మోశాడు, చివరికి ఓ ముసలాయన గడియారాల షాపులో ఊడ్చే పనికి కుదిరి, ఊడుస్తూనే ఈ విద్య పట్టాడు. అలా బతికినవాడు కాబట్టి బాగాలేనిదాన్ని బాగానే ఉందంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. మనిషి గురించైనా సరే, గడియారం గురించైనా సరే.

ఆ జనవరిలో మిడిల్‌బర్గ్ అవతల గుర్రాల పొలాల మధ్య ఉన్న ఓ పాత ఇంటికి వెళ్ళాడు. ఇంటావిడ మిసెస్ ఆష్‌టన్‌కి ఎనభై దాటి ఉంటాయి. ఇల్లు ఖాళీ చేసి వృద్ధాశ్రమానికి పోతోంది. మనిషి కర్రలా నిటారుగానే ఉంది గానీ ఎడమ భుజం మాత్రం కిందికి జారిపోయి ఉంది, ఎప్పుడూ నిండు బకెట్ మోస్తున్నట్టు. వయసు తెచ్చే వంకర్లు ఎన్ని లేవు, అనుకున్నాడు.

గడియారం మెట్ల పక్కన నిలబడి ఉంది. నల్లబారిన ఓక్ పెట్టె. ఇత్తడి ముఖం మీద చేసినవాడి పేరు చెక్కి ఉంది: అబెల్ థార్న్. పనితనం చూసి జగన్మోహన్‌కి నోట్లో నీళ్ళూరాయి. అంతలో చప్పుడు చెవినపడి మొహం మాడ్చుకున్నాడు.

టిక్... టక్‌టిక్... టక్‌టిక్...

కిందికి వంగి చూస్తే ఎడమకాలి కింద చెక్కముక్క ఒకటి దూర్చి ఉంది. అందుకే పెట్టె ఓ పక్కకి ఒరిగి ఉంది.

"నేల ఎత్తుపల్లాలుగా ఉందా అమ్మా?"

"నేల బాగానే ఉంది. మీరు ఎక్కడ నిలబెట్టినా ఆ చెక్క పెట్టండి" అందావిడ. "నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న పెట్టాడు. దాన్ని కుంటనివ్వండి."

"ఇలా కుంటితే ఆగిపోతుంది."

"ఇన్నేళ్ళలో ఆగలేదు."

ఆయన లోలకం తీసి, దిమ్మలు విప్పి దుప్పట్లో చుడుతుంటే ఆవిడ మెట్టు మీద కూర్చుని చెప్పింది. అబెల్ థార్న్ ఇంగ్లండ్‌లో వాళ్ళ పూర్వీకుల ఊరివాడేనట. ఆ రోజుల్లో గడియారం అమ్మి చేతులు దులుపుకునేవాళ్ళు కాదు, చేసినవాడే వారం వారం ఇంటికొచ్చి కీ ఇచ్చి పోయేవాడు. గుర్రం తన్ని ఆయన కాలు ఒకటి పాడైంది. కర్ర పట్టుకునేవాడు కాదు. చిన్న కూతురి భుజం మీద చెయ్యేసి నడిచేవాడు.

"మంచి పిల్ల" అన్నాడు జగన్మోహన్.

"ఒక చలికాలం జ్వరమొచ్చి పోయింది. ఆయన మాత్రం రావడం మానలేదు. వచ్చేటప్పుడు ఎలాగో ఒక్కడే వచ్చేవాడు. పోయేటప్పుడు ఆ ఇంటి పిల్లనెవరినైనా తోడు అడిగేవాడు. గేటు దాకా." ఆవిడ మెట్టు మీంచి ముందుకి వంగింది. "మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"మనవరాలుంది. మా ఇంట్లో కాదు, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి దగ్గర."

"అయితే సరే" అంది మిసెస్ ఆష్‌టన్. భుజం మీద శాలువా సర్దుకుంది. ఎడమ భుజం మీద ఎందుకనో అది నిలవలేదు, జారిపోయింది.

*

గరాజ్‌లో ఆ వారం చలి ఎముకలు కొరుకుతోంది. అంత చలికి పాత చెక్క చీలుతుంది, నూనె గడ్డకడుతుంది. అందుకని అబెల్ థార్న్ గడియారాన్ని హాల్లోనే నిలబెట్టాడు. అమ్మేముందు వారం పది రోజులు నడిపి చూడడం ఆయన పద్ధతి.

"ఆ గోడకా?" అంది ఆయన భార్య జయంతి, వంటింటి గుమ్మంలోంచి. "దక్షిణం గోడకి గడియారం ఎవరన్నా పెడతారా? యముడి దిక్కు."

"ఇన్నాళ్ళూ ఆ గోడకి టీవీ ఉంది. యముడు నీతోపాటు సీరియల్స్ చూస్తూ కూర్చున్నాడు. ఏమన్నా అన్నాడా?"

"మీకు అన్నీ వెటకారమే. ఆ చప్పుడేంటండీ, ఎవరో ముసలాడు హాల్లో పచార్లు చేస్తున్నట్టు?"

చెక్కముక్క పెట్టే నిలబెట్టాడు. పెద్దావిడ మాట తీసెయ్యబుద్ధి కాలేదు. కానీ ఆ కుంటి చప్పుడు వింటూ అన్నం తినాలంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చింది. ఆగకుండా కుంటడమేమిటి? అలా నడిచే గడియారం ఆయన ఎరిగినంతలో లేదు.

దానికితోడు ఆయన మనసులో ఆ రోజుల్లో ఉన్న ముల్లు వేరే ఉంది. మనవరాలు వేదకి ఏడాది దాటి నెలలు గడుస్తున్నా అడుగు పడలేదు. కూర్చుంటుంది, పాకుతుంది, సోఫా పట్టుకుని లేవబోయి కూలబడుతుంది. డాక్టర్లు కాళ్ళు చూశారు, నడుము చూశారు, లోపమేమీ లేదు, వెయిట్ చేద్దాం అన్నారు. వెయిట్ చేద్దాం అన్నమాట వింటే జగన్మోహన్‌కి పాత కంపెనీ గుర్తొస్తుంది. అక్కడా కూలిపోయే దాకా అదే మాట. ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ "పిల్ల నడిచిందా?" అని అడగడమే. అడుగులు పడితే పిల్లని అరిసెల మీద నడిపించాలని జయంతి బెల్లం తెచ్చి పెట్టింది. ఆ బెల్లం డబ్బాలో గట్టిపడిపోయింది. దాన్ని పారేసి ఇంకో దిమ్మ తెచ్చింది. దాని సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మంచు తుఫాను వస్తుందన్న రోజు పొద్దున్నే వాళ్ళమ్మాయి ప్రణవి వేదని చంకనేసుకుని వచ్చింది. హాస్పిటల్‌లో ఫార్మసీ ఉద్యోగం. భర్త కౌస్తుభ్ ఆఫీస్ పనిమీద సన్నీవేల్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు.

"డాడీ, డేకేర్ క్లోజ్ చేశారు. నేను రేపటిదాకా హాస్పిటల్‌లోనే స్టే చెయ్యాలి. థెరపిస్ట్ చెప్పింది, స్టెడీ రిథమ్ వింటే హెల్ప్ అవుతుంది అని. నువ్వు క్లాప్ చెయ్, ఓకే? కానీ ఫోర్స్ చెయ్యకు."

"నేనెందుకు ఫోర్స్ చేస్తాను?"

"డాడీ, నువ్వు మైక్రోవేవ్‌ని కూడా ఫోర్స్ చేస్తావ్."

పిల్ల బుగ్గ మీద ముద్దుపెట్టి వెళ్ళిపోయింది. ఆమె కారు మలుపు తిరుగుతుండగానే మంచు మొదలైంది.

*

మధ్యాహ్నానికి కిటికీలు తెల్లగా మూసుకుపోయాయి. సాయంత్రం కాకముందే వెలుతురు బూడిదరంగుకి దిగింది. ఉన్నట్టుండి ఫ్రిజ్ మూలుగు ఆగింది, హీటర్ గాలి ఆగింది. కరెంటు పోయింది. జగన్మోహన్ హాల్లో గోడకున్న చలిమంట గూట్లో కట్టెలు వేసి వెలిగించాడు. జయంతి వంటింట్లో కొవ్వొత్తి పెట్టుకుని గ్యాస్ మీద చారు కాస్తోంది. వేద చలిమంట ముందు కంబళి మీద కూర్చుంది.

అన్ని చప్పుళ్ళూ పోయాక గడియారం ఒక్కటే మిగిలింది.

టిక్... టక్‌టిక్... టక్‌టిక్...

ఆయన చప్పట్లు కొట్టాడు, ఒక్క తీరుగా. వేద ఆయన వైపు చూడలేదు. గడియారం వైపు తిరిగి, ఆ కుంటి చప్పుడుకే ఊగుతోంది. ఊగినప్పుడల్లా ఎడమ భుజం వంగుతోంది.

జగన్మోహన్‌కి కోపం నషాళానికెక్కింది. వంకర తాళం వింటూ పెరిగితే పిల్లకి తిన్నని అడుగు ఎక్కణ్ణించి వస్తుంది? డాక్టర్లు వెయిట్ చేద్దామన్నారు సరే, తన చేతిలో విద్య ఉంది కదా, తనెందుకు వెయిట్ చెయ్యాలి? ఆ ముసలావిడ తండ్రి ఎప్పుడో ఎందుకో దూర్చిన చెక్కముక్క కోసం ఈ పిల్ల నడక ఆపుకోవాలా?

గడియారాన్ని భుజంతో కాస్త ఎత్తిపట్టి, కాలితో చెక్కముక్కని బయటికి తన్నాడు. పెట్టెని నెమ్మదిగా దించాడు. మట్టపుబద్ద పెట్టి చూశాడు. నిట్టనిలువుగా ఉంది.

టిక్. టక్. టిక్. టక్.

ఇంకేమీ సరిచెయ్యక్కర్లేకపోయింది. ఆయన ఆశ్చర్యపోయాడు. లోపల ఏ తీగా వంగలేదు, ఏ చక్రం పన్నూ అరగలేదు. ఇది తిన్నగా నడవడానికే పుట్టిన గడియారం. ఎవరో కావాలని దీన్ని కుంటిదాన్ని చేశారు.

"జయా, విన్నావా? బాగైంది" అని కేకేసి, చెక్కముక్కని మంటలో పడేశాడు. నల్లగా, చేతిలో ఇమిడేంత ముక్క. ఎండిపోయి ఉందేమో, ఒక్కసారిగా భగ్గున మండింది. చెక్క కాలిన వాసన రాలేదు. తడిసిన ఉన్ని కోటు ఆరేసినట్టు వాసన వచ్చింది.

వేద ఊగడం మానేసింది. తలెత్తి పైకప్పు వైపు చూసింది.

పైన అడుగు పడింది.

ఒకటి గట్టిగా. ఆ వెంటనే ఇంకోటి, ఈడ్చినట్టు... మళ్ళీ గట్టిగా... ఈడ్చినట్టు...

ఆయన గడియారం వైపు చూశాడు. అది తిన్నగానే నడుస్తోంది. ఇప్పటిదాకా దాన్లో ఉన్న కుంటి నడక ఇప్పుడు పై గదిలో ఉంది.

వంటింటి గుమ్మం దాకా వెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు. "పైన ఎవరు?"

"పైనెవరుంటారండీ?" అంది జయంతి గరిటె తిప్పుతూ. "కప్పు మీద మంచు జారుతోందేమో. పిల్లని మంట దగ్గర వదిలేసి వచ్చారేంటి?"

ఆయన వెనక్కి వచ్చాడు. అడుగులు మేడ మీది నడవా దాటాయి. మెట్ల మొదట్లో ఆగాయి.

మెట్లమీద కార్పెట్ ఉంది. దాని మీద నడిస్తే చప్పుడు రాదు. అయినా వస్తోంది... చెక్కమీద తోలు బూటు చప్పుడు... ఒక మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుని, ఊపిరి తీసుకుని, ఇంకో మెట్టు.

జగన్మోహన్ ఒక్క అంగలో గడియారం దగ్గరికి వెళ్ళి పెట్టె తలుపు తీసి లోలకం పట్టుకున్నాడు. టిక్‌టక్ ఆగింది.

అడుగులు ఆగలేదు.

చేతికందిన కట్టెపేడు ఎడమకాలి కింద దూర్చాడు. లోలకం వదిలాడు. టిక్. టక్. టిక్. టక్. తిన్నగా. పత్రిక మడిచి దూర్చాడు. ఇంకో పేడు. పెట్టె కళ్ళకు కనిపించేంతగా ఒరిగిపోయింది. అలా ఒరిగాక ఏ గడియారమైనా కుంటాలి, లేదా ఆగాలి... ఇది రెండూ చెయ్యలేదు. టిక్. టక్. టిక్. టక్. ఆయన నేర్చిన విద్యలో ఇలాంటి సంగతి లేదు.

తడిసిన ఉన్ని వాసన దగ్గరైంది. దానివెనకే గుర్రపు చెమట. పాత ఇత్తడి. నూనె.

చివరి మెట్టు.

అక్కడ ఎవరూ లేరు. చలిమంట వెలుగు మెట్లమీద పడుతోంది, అంతా కనబడుతోంది. ఎవరూ లేరు. కానీ వేద చూస్తోంది. మెట్టు వైపు కాదు. పైకి చూస్తోంది, ఎత్తైన మనిషి మొహం ఉండేచోటికి. చూసి నవ్వింది. రెండు చేతులూ చాచింది.

ఆయన ఒక్క ఉరుకున వెళ్ళి పిల్లని ఎత్తుకున్నాడు.

ఎత్తుకున్నాడు గానీ నిలబడలేకపోయాడు. సీసపు దిమ్మలు ఎత్తీ ఎత్తీ బరువంటే ఏమిటో తెలిసిన చేతులవి. అది పిల్ల బరువు కాదు. పిల్ల ఎడమ భుజం మీద ఏదో మోపుతోంది, కిందికి, కిందికి... ఆయన మోకాళ్ళు వంగాయి. వేద ఏడవలేదు. ఆయన చేతుల్లోంచి మెల్లగా జారి, నేల మీద కాళ్ళు ఆనించింది.

నిలబడింది. ఏ సోఫా పట్టుకోకుండా.

ఎడమ భుజం వంగింది. అడుగు వేసింది. గట్టిగా ఒకటి... ఈడుస్తూ ఒకటి...

కంబళి దాటింది. హాలు దాటింది. వీధి తలుపు వైపు వెళ్తోంది.

గేటు దాకా.

ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. బయట మోకాలిలోతు మంచు. మనిషి కనబడని తెలుపు. పిల్ల ఒంటిమీద పల్చటి గౌను. పాకుతూ లేచి పరుగెత్తి, పిల్ల కంటే ముందు తలుపు చేరి, దానికి వీపు ఆనించి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"పోనివ్వను" అన్నాడు. "నా మనవరాలిని పోనివ్వను."

వేద ఆయన ముందు ఆగింది. ఆయన మొహానికి జానెడు దూరంలో, పిల్లకి చాలా ఎత్తులో, ఎవరో ఊపిరి వదిలారు. చల్లగా. ఓపిగ్గా.

అంతే. కొవ్వొత్తి పట్టుకుని జయంతి గుమ్మంలోకి వచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ పిల్లని చూసింది. ఖాళీ కంబళిని చూసింది. మధ్యలో ఉన్న దూరాన్ని చూసింది.

"నడిచిందా?" అంది. కొవ్వొత్తి కింద పెట్టేసింది. "ఏవండీ... నడిచిందా? అంత దూరం?"

కూలబడి పిల్లని గుండెకి హత్తుకుని ఏడ్చింది జయంతి. తలుపుకి ఆనుకున్న మొగుడి మొహం ఆమె చూడలేదు.

*

అందరూ సంతోషించారు. ప్రణవి వీడియో తీసి కౌస్తుభ్‌కి పంపింది. డాక్టర్ చూసి, కొత్తగా నడిచే పిల్లలు అలాగే ఊగుతారు, భుజం అదే సర్దుకుంటుంది, వెయిట్ చేద్దాం అన్నాడు. అడుగులు వినడం చేతనైనవాడు ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆయన నోరు విప్పితే ఏమని విప్పాలి? పిల్ల నడిచినందుకు ఏడుస్తున్న ఆడవాళ్ళ ముందు?

ఓక్ చెక్క కోశాడు. టేకు కోశాడు. ఆ గడియారం పెట్టె అడుగునుంచే ఓ ముక్క కోసి దూర్చాడు. అది కుంటలేదు. ఆపేసి పెడదామంటే జయంతి ఊరుకోలేదు, శుభమా అని పిల్ల నడిచింది, ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉంచుతారా అంది.

చివరికి మిసెస్ ఆష్‌టన్ ఉన్న వృద్ధాశ్రమానికి ఫోన్ చేశాడు. తన పేరు చెప్పాడు. మనవరాలు ఇంటికొచ్చిందన్నాడు. ఇంకేమీ చెప్పకముందే ఆవిడ అడిగింది.

"ఏ భుజం?"

"ఎడమ."

"చెక్క?"

"కాల్చేశాను."

అవతల కుర్చీ కిర్రుమంది, ఆవిడ లేచి నిలబడినట్టు.

"గేటు దాకా వెళ్ళారా?" అంది.

"లేదు. నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను."

"మా నాన్న కూడా అలాగే నిలబడ్డాడు" అంది మిసెస్ ఆష్‌టన్ మెల్లగా. "గేటు చేరితే ఆయన వెళ్ళిపోతాడు. చేరకపోతే ఉంటాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళకో మా నాన్నకి ఆ చెక్క దొరికింది. ఎక్కడ దొరికిందో నాకు చెప్పలేదు. అప్పటికే నా భుజం ఇలా అయిపోయింది."

"అయితే ఇప్పుడు... గేటు దాకా పంపితే? వెళ్ళొచ్చిన పిల్లలకి ఏమవుతుంది?"

"వెళ్ళిన పిల్లల సంగతి మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు" అంది ఆవిడ. "తిరిగొచ్చిన పిల్లల సంగతి నేనెప్పుడూ వినలేదు."

*

ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా బెల్లం పాకం, నెయ్యి వాసన. ఎండ కాస్తోంది, కప్పు మీది మంచు కరిగి బొట్లుబొట్లుగా రాలుతోంది. జయంతి చేసిన అరిసెలు దేవుడి గూటి దగ్గర్నుంచి వరసగా పరిచారు. వరస వీధి తలుపు ముందు ముగిసింది. పొడుగాటి చోటు హాల్లో అటే ఉంది మరి. జగన్మోహన్ అటు వద్దన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేకపోయాడు. ఆయన వెళ్ళి తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"డాడీ, అక్కడ కూర్చుంటే ఫ్రేమ్‌లో పడతావ్" అంది ప్రణవి ఫోన్ పట్టుకుని.

"పడనీ."

సన్నీవేల్ నుంచి వచ్చేసిన కౌస్తుభ్ పిల్లని మొదటి అరిసె మీద నిలబెట్టి చేతులు వదిలాడు. పట్టుపరికిణీలో వేద నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్యనుంచి ఆయనకు అడుగులు వినిపిస్తున్నాయి. గట్టిగా ఒకటి... ఈడుస్తూ ఒకటి... వెనక గడియారం తిన్నగా నడుస్తోంది. టిక్. టక్. టిక్. టక్.

చివరి అరిసె మీద వేద ఆగింది. ఎదురుగా మూసి ఉన్న తలుపు. దాన్ని చూసింది. తల తిప్పి తాతయ్యని చూసింది. ఆయన గడియ మీద చెయ్యి వేసి ఉంచాడు. తీయలేదు.

పిల్ల కాసేపు ఎదురుచూసింది. తర్వాత కుడిచెయ్యి ఎత్తి, తన ఎడమ భుజం మీద, ఎవరి చెయ్యీ కనబడని చోట, మెల్లగా రెండుసార్లు తట్టింది. తొందరపడుతున్న పెద్దవాళ్ళని ఇంకాస్త ఆగమన్నట్టు.